పాస్టరు గారి మిగతా ఆరు రోజులు

ఒక సంఘానికి కొత్త పాస్టరు గారు వస్తున్నారని తెలియగానే మన క్రైస్తవ కుటుంబాల్లో మొదట వినిపించే ప్రశ్న "వాక్యం బాగా చెబుతారా?" అన్నదే. ఆయన గొంతు ఎలా ఉంటుంది, ఎంతసేపు మాట్లాడతారు, పాట అందుకోగలరా అన్నవి ఆ వెనకే వస్తాయి. ఆదివారం ఉదయం రెండు మూడు గంటలపాటు కనిపించే మనిషిని బట్టి ఆయన సేవ మొత్తాన్ని తూచడం మనకు అలవాటైపోయింది. కృష్ణా డెల్టాలోని ఒక పల్లె సంఘంలో చాలాకాలం కోశాధికారిగా లెక్కలు రాసినవాడిగా, ఒకరి తరువాత ఒకరుగా వచ్చిన పాస్టర్ల పనిని దగ్గరినుంచి చూసినవాడిగా, ఈ అలవాటు సంఘానికి కీడు చేస్తోందని నేను గట్టిగా నమ్ముతున్నాను. పాస్టరు పనిలో ఎక్కువ భాగం సోమవారం నుంచి శనివారం దాకా, మందిరం బయట, నలుగురి కంట పడని చోట్ల జరుగుతుంది. ఆ పని మన లెక్కలోకి రాదు కాబట్టే ఆయనకు నికరమైన జీతం ఉండాలన్న ఆలోచన కూడా మనకు రాదు. జీతం నికరంగా లేని పాస్టరు ఎంత భక్తిపరులైనా, సంఘానికి చెప్పి తీరవలసిన కఠినమైన మాటను చెప్పడానికి వెనకాడే స్థితిలో పడతారు.

ఎవరి గురించి రాస్తున్నానో ముందే చెప్పాలి. తెలుగునాట పాస్టర్లందరి పరిస్థితీ ఒకటి కాదు. 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి, 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం వంటి పాత సంస్థల్లో గురువులు వేదాంత కళాశాలలో చదివి, అభిషేకం పొంది, ఒక క్రమం ప్రకారం జీతం తీసుకుంటారు, కొన్నేళ్లకోసారి బదిలీ అవుతారు. ఇలాంటి పాత సంఘాలు కలిసి 1964లో రాజమండ్రిలో మొదలుపెట్టి తరువాత హైదరాబాదుకు మార్చిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఎన్నో తరాల గురువులను తయారు చేసింది. వీరికి భిన్నంగా, రేకుల షెడ్డులోనో అద్దె ఇంటి వరండాలోనో సంఘాన్ని తామే మొదలుపెట్టి, ఆదివారం కానుకల మీదే ఇల్లు గడుపుకునే స్వతంత్ర సంఘాల పాస్టర్లు దాదాపు ప్రతి మండలంలోనూ ఉన్నారు. నేను ముఖ్యంగా ఈ రెండో రకం వారి గురించీ, పాత సంస్థల్లోనే ఉండి కూడా జీతం పేరుకే మిగిలిన పల్లె గురువుల గురించీ రాస్తున్నాను.

మా సంఘంలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. నాట్లప్పుడూ కోతలప్పుడూ తెల్లవారకముందే ఆటోల్లో పొలాలకు వెళ్లిపోతారు, పొద్దుగూకాక తిరిగి వస్తారు. వాళ్లను ఇంటి దగ్గర కలవాలంటే పాస్టరు గారు తెల్లవారుజామునైనా వెళ్లాలి, రాత్రి ఎనిమిది దాటాకైనా వెళ్లాలి. గృహ ప్రార్థన ఎనిమిదిన్నరకని చెబితే స్నానాలూ వంటలూ ముగిసి నలుగురు చేరేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. రెండు పాటలు, ఒక వాక్యభాగం, ఇంటిల్లిపాది పేర్లూ తలచి చేసే ప్రార్థన, ఆ తరువాత టీ, ఆ టీ తాగుతుండగా ఇల్లాలు మెల్లగా బయటపెట్టే సంగతి, ఇవన్నీ అయ్యాక ఆయన ఇల్లు చేరేది ఏ పదకొండింటికో. ఆ చివరి సంగతి చెప్పుకోవడానికే చాలా ఇళ్లలో ప్రార్థన పెట్టించుకుంటారు. కొడుకు తాగుడు, కూతురి అత్తింటి గొడవ, డ్వాక్రా అప్పు కట్టవలసిన తేదీ దాటిపోవడం, భర్తకు తెలియకుండా తాకట్టు పెట్టిన గొలుసు వంటివి అందరి ముందూ ప్రార్థన విన్నపంగా చెప్పుకునే సంగతులు కావు. విన్న పాస్టరు గారు వాటిని మరో ఇంట్లో అనకూడదు, ఆదివారం ప్రసంగంలో ఉదాహరణగా కూడా వాడకూడదు. ఒక ఊరి కష్టాలన్నీ ఒకే మనిషి దగ్గర చేరి, ఆయన మాత్రం వాటిని ఎవరితోనూ పంచుకోలేని పరిస్థితి ఎంత బరువైనదో ఆలోచించాలి.

రాత్రిళ్లు ప్రార్థనలు కాబట్టి పగలంతా ఆయనకు తీరికే కదా అని ఊళ్లో చాలామంది అనుకుంటారు. పగటి పని చాలావరకు ఆసుపత్రి పని. గుంటూరుకో విజయవాడకో పెద్దాసుపత్రికి వెళ్లవలసి వచ్చినప్పుడు మా పేటలో కుటుంబాలు ముందుగా ఫోను చేసేది పాస్టరు గారికే. ప్రార్థన కోసం చేస్తారు, నిజమే. దానితోపాటు ఏ కౌంటరు దగ్గర చీటీ రాయించాలో, ఆరోగ్యశ్రీ కింద ఆ ఆపరేషను వస్తుందో రాదో ఎవరిని అడగాలో, డాక్టరు గారు ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితంలో ఏముందో తెలిసిన మనిషి పక్కన ఉండాలన్నది వాళ్ల అసలు అవసరం. రక్తం కావాలంటే సంఘంలోని యువకులకు ఫోను చేసి బస్సెక్కించేది ఆయనే. మంచం పక్కన నిలబడి తలమీద చేయి వేసి ప్రార్థించేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల కోసం పోనూ రానూ బస్సుల్లో, ఆసుపత్రి వరండాల్లో గడిచే పూటంతా ఆయన పనిదినమే. ఆ బస్సు ఛార్జీ ఎవరు ఇచ్చారని నేను కోశాధికారిగా అడిగినప్పుడల్లా "పర్వాలేదులెండి" అన్న జవాబే వచ్చింది. మా లెక్కల పుస్తకంలో మైకు మరమ్మతుకు పద్దు ఉంది, కుర్చీల అద్దెకు పద్దు ఉంది, సందర్శన ఖర్చులకు మాత్రం నేను గట్టిగా పట్టుబట్టేదాకా పద్దు లేదు.

ప్రసంగం తయారు చేసుకోవడం కూడా పనే. పాత సంఘాల్లో ఏ ఆదివారానికి ఏ అంశం, ఏ పాఠాలు అన్నది ముందే అచ్చువేసి ఇస్తారు. స్వతంత్ర సంఘాల్లో ఆ ఎంపిక కూడా పాస్టరుదే. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, వారం మధ్యలో బైబిలు తరగతి, స్త్రీల కూడిక, ఇళ్లలో జరిగే ప్రార్థనలు అన్నీ కలిపి చూస్తే ఒకే మనిషి ఒకే మనుషుల ముందు వారానికి ఎన్నిసార్లు మాట్లాడవలసి వస్తుందో తెలుస్తుంది. ఏ ఉపాధ్యాయుడినీ ప్రతిరోజూ కొత్త పాఠం, అదే తరగతికి, ఏళ్ల తరబడి, పుస్తకాలు కొనుక్కునే డబ్బు లేకుండా చెప్పమని మనం అడగం. చెప్పిందే చెబుతున్నారని ఫిర్యాదు చేసే పెద్దలు, ఆయనకు చదువుకోవడానికి వారంలో ఏ పూట మిగిల్చారో కూడా చెప్పాలి.

ఈ పనికి కాలాన్ని బట్టి పోటు పాట్లు ఉంటాయి. డిసెంబరు నెల మొత్తం రాత్రులే. నక్షత్రం కర్రకు కట్టుకుని క్యారల్స్‌తో ఇల్లిల్లూ తిరగడం, క్రిస్మస్ ఆరాధన, 31వ తేదీ రాత్రి కూడిక, తెల్లవారితే కొత్త సంవత్సరపు ఆరాధన వరుసగా వస్తాయి. ఈస్టరు పండుగకు ముందు భస్మ బుధవారంతో మొదలయ్యే శ్రమల కాలంలో మా ప్రాంతంలో నలభై రోజులూ ఇంటింటా ప్రార్థనలు పెడతారు. మంచి శుక్రవారం నాడు సిలువపై ప్రభువు పలికిన ఏడు మాటల ధ్యానం మధ్యాహ్నమంతా సాగుతుంది, ఒక రోజు తేడాతో ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తుల ఆరాధన. ఆ కాలంలోనే మిరప కోతలు ముమ్మరంగా ఉంటాయి. కర్నూలు వైపునుంచి గుంటూరు, పల్నాడు ప్రాంతాలకు కుటుంబాలకు కుటుంబాలు వలస వస్తాయి. అటువైపు సేవ చేసే ఒక పాస్టరు గారు నాతో చెప్పిన మాట గుర్తుంది. ఆ నెలల్లో మందిరంలో ముసలివాళ్లూ బడిపిల్లలే మిగులుతారు, కానుకల సంచి ఖాళీగా తిరిగివస్తుంది, ఆయన మాత్రం బస్సెక్కి కోతల ఊళ్లకు వెళ్లి చేల గట్ల మీద వేసుకున్న పట్టాల గుడారాల దగ్గర రాత్రి కూడిక పెట్టి వస్తారు. ఆదాయం లేని నెలల్లోనే ఆయన ఖర్చు రెట్టింపు అవుతుంది. కానుకల్లో వచ్చినదే జీతమనుకునే పద్ధతిలో ఈ లెక్క ఎక్కడా కుదరదు.

పాస్టరు పనిలో అన్నిటికంటే పెద్దది మరణం దగ్గర చేసే పనే అని నా అభిప్రాయం. ఎవరైనా ప్రభువునందు నిద్రించారన్న ఫోను ఎక్కువగా రాత్రి వేళే వస్తుంది. అప్పటినుంచి భూస్థాపన ముగిసేదాకా ఆ ఇంటి బాధ్యత మొత్తం ఆయన భుజాల మీద ఉంటుంది. ఫ్రీజరు పెట్టె ఎక్కడ దొరుకుతుంది, సమాధి పెట్టె ఎవరు చేస్తారు, హైదరాబాదు నుంచి కొడుకు వచ్చేసరికి ఎంత సమయం పడుతుంది, గొయ్యి తవ్వేవాళ్లకు ఎంత ఇవ్వాలి, క్రైస్తవ బంధువులూ క్రైస్తవులు కాని బంధువులూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఏ కార్యం జరగాలి, ఏది జరగకూడదు అన్న వాదన పెరగకుండా ఎలా సర్దాలి అన్నవన్నీ ఆయన ముందుకే వస్తాయి. వాటన్నిటి మధ్యలో ఏడుస్తున్న తల్లి పక్కన కూర్చోవాలి, పాట మొదలుపెట్టాలి, వాక్యం చదవాలి. చాలా ఊళ్లలో క్రైస్తవుల శ్మశానానికి స్థలం చాలదు, కొన్ని ఊళ్లలో అసలు లేదు. కాలువ గట్టు మీద పాతిపెట్టి వర్షాకాలంలో భయపడే పరిస్థితి మా మండలంలోనే ఉంది. అప్పుడు తహసీల్దారు కార్యాలయానికి అర్జీ పట్టుకుని తిరిగేది కూడా పాస్టరే. పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో ఈ సమస్య ఎంత దూరం వెళ్లిందో 2025 జనవరిలో చూశాం. బస్తర్ ప్రాంతంలోని ఒక పల్లెలో చనిపోయిన పాస్టరును సొంత ఊళ్లో పాతిపెట్టడానికి అభ్యంతరం రావడంతో, ఆ శరీరం రోజుల తరబడి శవాగారంలోనే ఉండిపోయి విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇద్దరు న్యాయమూర్తులకు ఏకాభిప్రాయం కుదరకపోయినా, మరో ఊళ్లో క్రైస్తవులకు కేటాయించిన స్థలంలో భూస్థాపన జరపాలని చివరికి ఆదేశించారు.

భూస్థాపనతో పని అయిపోదు. మూడో రోజునో, ఆ తరువాతనో ఆదరణ కూడిక ఉంటుంది. అది కూడా అయ్యాక, చుట్టాలందరూ వెళ్లిపోయాక, ఆ ఇంటికి మళ్లీ వెళ్లే పాస్టరే నిజమైన కాపరి అని నా నమ్మకం. ఆ సందర్శనకు పిలుపు ఉండదు, కవరులో పెట్టి ఇచ్చే కానుక ఉండదు. 2021 వేసవిలో రెండో విడత కోవిడ్ వచ్చినప్పుడు సొంత బంధువులే దగ్గరికి రావడానికి భయపడిన ఇళ్ల ముందు నిలబడి ప్రార్థించిన పల్లె పాస్టర్లను నేను చూశాను. మందిరాలు మూతబడి కానుకలు ఆగిపోయిన కాలం అది. ఆ రోజుల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ప్రకటించినప్పుడు చాలా ఇళ్లలో అది నిజమైన ఆసరా అయింది. అయినా సంఘం ఇవ్వవలసినదాన్ని ప్రభుత్వం ఇస్తే సంఘానికి మనస్సాక్షి నెమ్మదిస్తుందని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. ప్రభుత్వాలు మారతాయి, ప్రాధాన్యాలు మారతాయి, మన కాపరి పిల్లల బడి ఫీజు మాత్రం ప్రతి జూన్‌లోనూ కట్టవలసిందే.

ఇక నికరమైన జీతానికీ స్వేచ్ఛగా మాట్లాడడానికీ ఉన్న సంబంధం పెళ్లిళ్ల దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి జరిపించే అధికారం అందరికీ లేదు. బిషప్పు చేతులమీదుగా అభిషేకం పొందిన గురువులకు ఆ అధికారం ఉంటుంది, మిగతావారు చాలావరకు ప్రభుత్వం నుంచి లైసెన్సు పొందాలి. అధికారం లేకుండా జరిపిస్తే పదేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరమని 68వ సెక్షను చెబుతోంది. వరుడికి 21, వధువుకు 18 ఏళ్లు నిండాలి, ఇద్దరికీ జీవించి ఉన్న భార్యగానీ భర్తగానీ ఉండకూడదు, సాక్షులు ఉండాలి, రిజిస్టరులో నమోదు జరగాలి. కాగితం మీద ఇది తేలికగానే కనిపిస్తుంది. కానీ సంఘంలో అందరికంటే ఎక్కువ కానుక ఇచ్చే పెద్దమనిషి తన మనవరాలికి పదిహేడేళ్లకే సంబంధం కుదిర్చి, "అయ్యగారూ, మీరు ప్రార్థన చేసి తాళి కట్టించండి, రిజిస్ట్రేషను తరువాత చూసుకుందాం" అన్నప్పుడు, ఆ పెద్దమనిషి ఇచ్చే కానుకతోనే నెల సరుకులు తెచ్చుకునే పాస్టరు గారు ఏమని జవాబు చెప్పాలి? కుదరదని చెప్పిన పాస్టరు గారిని నాకు తెలుసు. ఆ కుటుంబం మరుసటి నెలనుంచి మరో మందిరానికి వెళ్లింది, వాళ్ల చుట్టాలు కొందరు కూడా వెళ్లారు, ఆ ఏడాది ఆయన ఇంట్లో ఎలా గడిచిందో ఆయన భార్యకే తెలుసు. ఆ పిల్ల చదువు మాత్రం ఆగలేదు. ఇలాంటి ధైర్యాన్ని మనం సాక్ష్యాల్లో పొగుడుతాం. ఆ ధైర్యానికి అయ్యే ఖర్చు ఒక్క కుటుంబం మీద పడకుండా సంఘమంతా భరించే ఏర్పాటు చేయడం మన చేతుల్లో ఉన్న పని, అది మాత్రం చేయం.

కుల వివక్ష గురించి, వరకట్నం గురించి, కూలీ డబ్బులు ఎగ్గొట్టే మేస్త్రీ గురించి, అదే మేస్త్రీ మొదటి వరుసలో కూర్చున్న ఆదివారం నాడు మాట్లాడగలగాలంటే కూడా ఇదే అవసరం. ఒక్క మనిషి దయ మీద కాక సంఘం నిర్ణయం మీద ఆధారపడిన జీతం ఉన్నప్పుడు, పాస్టరు గారు ఎవరికీ వ్యక్తిగతంగా రుణపడి ఉండరు.

ఇది కొత్త ఆలోచన కాదు. తమిళనాడు నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో జీవితం గడిపిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా ఆయన పదే పదే చెప్పిన విషయాల్లో ఒకటి, సంఘం ఎంత పేదదైనా తన గురువును తానే పోషించుకోవాలన్నది. ఆయన మాట్లాడింది నిరుపేద మాల మాదిగ కుటుంబాలతో. రోజూ అన్నం వండేటప్పుడు పిడికెడు బియ్యం వేరే కుండలో వేసి ఆదివారం మందిరానికి తెచ్చే స్త్రీలు, కోతల పండుగలో తొలి పంటను, కోడిని, గుమ్మడికాయను తెచ్చి వేలం వేయించే రైతులు ఆ బోధను ఆచరణలో పెట్టారు. నా చిన్నతనంలో మా అమ్మ కూడా బియ్యం అలాగే తీసేది. పేదరికాన్ని చూపి జీతం సాధ్యం కాదనే వాళ్లకు ఆ కుండ జవాబు చెబుతుంది.

మన చరిత్రను మనం గుర్తుపెట్టుకునే తీరులో కూడా ఈ పక్షపాతం ఉంది. ఒంగోలు మిషను పేరు ఎత్తగానే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి చెబుతాం, ఆ మిషనును నడిపిన అమెరికా మిషనరీ క్లౌ దొరగారి పేరు చెబుతాం. ఆ రోజు నీళ్లలో దిగి వంతులవారీగా బాప్తిస్మం ఇచ్చింది అభిషేకం పొందిన తెలుగు బోధకులు. అంతకంటే ముఖ్యం, ఆ 2,222 మంది మర్నాడు తమ తమ పల్లెలకు వెళ్లిపోయాక వాళ్లకు అక్షరాలు నేర్పింది, పాటలు నేర్పింది, జ్వరం వస్తే దగ్గర కూర్చుంది, ఊరి పెద్దలు వెట్టికి పిలిచినప్పుడు పక్కన నిలబడింది, చెట్టుకింద బడి నడిపిన ఉపదేశులూ వాళ్ల భార్యలూ. సంఖ్య చరిత్రకెక్కింది, ఆ సంఖ్యను సంఘంగా నిలబెట్టిన రోజువారీ పని ఎక్కలేదు.

భార్యలన్న మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. పాస్టరు గారిని నియమించుకున్నప్పుడు సంఘం నిజానికి ఇద్దరిని నియమించుకుంటుంది, ఒక్కరికే ఏదో కొంత ఇస్తుంది. స్త్రీల సమాజం నడపడం, సండే స్కూలు, మే నెలలో పిల్లలకు సెలవుల బైబిలు బడి, కూడికలకు వచ్చిన ప్రసంగీకులకు వంట, భర్త ఊళ్లో లేనప్పుడు వచ్చిన మనిషిని కూర్చోబెట్టి కష్టం వినడం అన్నీ అమ్మగారి పనులే. మగవాళ్లతో చెప్పుకోలేని సంగతులన్నీ స్త్రీలు చెప్పుకునేది ఆమెతోనే. పూర్వం మిషను రోజుల్లో బైబిలు స్త్రీలని ఉండేవారు, వాళ్లకు కొద్దిపాటిదైనా జీతం ఉండేది. ఆ పనిని ఈనాడు అమ్మగారు ఉచితంగా చేస్తున్నారు. పాస్టరు గారు హఠాత్తుగా చనిపోతే ఆ ఇల్లు సంఘానిది కాబట్టి కొన్ని నెలల్లో ఖాళీ చేయవలసింది ఆమే. ఏళ్ల తరబడి సంఘమంతటికీ వండిపెట్టిన మనిషి పిల్లలతో పుట్టింటికి చేరడం మా చుట్టుపక్కల జరిగింది. దీనిని దేవుని చిత్తమని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు. ఇది మనం చేయని ఏర్పాటు.

పాస్టరు పిల్లల విషయంలో మరో చిక్కుముడి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదట దాదాపుగా హిందువుల్లోని దళితులనే షెడ్యూల్డు కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో షెడ్యూల్డు కులాలనుంచి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి విభాగం కిందకు వస్తారు, ఆ విభాగానికి ఉన్న రిజర్వేషను ఒక్క శాతం. సంఘస్థుడు ఆదివారం ఎక్కడికి వెళుతున్నాడని ఏ కార్యాలయమూ సాధారణంగా ఆరా తీయదు. పాస్టరు గారి వృత్తే ఆయన మతాన్ని చెబుతుంది. 2025లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఒక పాస్టరు పెట్టిన కేసును ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవారికి ఆ చట్టం రక్షణ వర్తించదంటూ కొట్టివేసింది. పేటలో అందరితోపాటు అదే అవమానం పడుతూ, అందరికీ ఉన్న రక్షణ తనకు మాత్రం లేని మనిషిగా పాస్టరు మిగులుతున్నారు. ఆ ఉత్తర్వు న్యాయమైనదా కాదా అన్నది పెద్ద ప్రశ్న, అన్యాయమైనదనే నా అభిప్రాయం. అది మారేదాకా ఆయన పిల్లల చదువుకు సంఘం ప్రత్యేకంగా సాయం చేయాలన్నది మాత్రం చర్చ అవసరం లేని విషయం.

నా మాటకు ఎదురుచెప్పేవాళ్లు ముందుగా టీవీలో కనిపించే పెద్ద సేవకులను చూపిస్తారు. ఖరీదైన కార్లు, వేలమంది పట్టే సభాస్థలాలు ఉన్నవాళ్లకు ఇంకా జీతమెందుకని అడుగుతారు. ఆ కొద్దిమంది గురించి నాకు కూడా ఆవేదన ఉంది. సంఘం డబ్బుకూ సొంత డబ్బుకూ గీత లేకపోవడమే వాళ్ల విషయంలో అసలు జబ్బు, ఆ జబ్బుకు మందు నిర్ణయించిన జీతమూ బహిరంగమైన లెక్కలే. పాస్టరుకు జీతం ఇంత అని సంఘం తీర్మానించి, మిగతా కానుకలు సంఘం ఖాతాలో జమచేసి, ఏటా లెక్క చదివి వినిపిస్తే, ఆకలి పడే పాస్టరుకూ అతిగా కూడబెట్టే పాస్టరుకూ ఒకే నియమం వర్తిస్తుంది.

విశ్వాసంతో జీవించాలి గానీ జీతం అడగకూడదు, క్రీస్తు సువార్తను ఊరూరా చాటిన పౌలు డేరాలు కుట్టి బతికాడు కదా అని మరికొందరు భక్తిగా అంటారు. కొరింథు పట్నంలో అకుల అనే ఆయన ఇంట్లో ఉండి పౌలు డేరాలు కుట్టిన మాట నిజమే. కానీ ఆ కొరింథు సంఘానికే రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయంలో, సువార్త ప్రకటించేవారు సువార్తవల్లనే జీవించాలని ప్రభువు నియమించాడని ఆయన ముందుగా వాదించి స్థాపించాడు, ఆ తరువాతే తన హక్కును తాను వదులుకుంటున్నానన్నాడు. హక్కు వదులుకోవలసింది హక్కు ఉన్న మనిషి. ఎదుటివాడి హక్కును సంఘం వదులుకుని దానికి విశ్వాసమని పేరు పెట్టడానికి ఆ అధ్యాయంలో చోటు లేదు.

జీతం ఇస్తే శ్రద్ధ తగ్గుతుందనే వాదనను నేను ఎక్కువగా పట్టించుకోను. మన పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలి గురించి, మనకు సూది వేసే నర్సు గురించి అలా అనుకోం.

డబ్బు లేదన్న వాదనే గట్టిది, దాన్ని నిజాయితీగా ఎదుర్కోవాలి. మా లాంటి సంఘాల్లో పెద్ద మొత్తాలు రాకపోవు. హైదరాబాదులో, గల్ఫులో, అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు ఊళ్లో మందిరానికి పంపుతూనే ఉన్నారు. అవి ఎక్కువగా టైల్సుకు, ఆర్చికి, సౌండు బాక్సులకు వెళ్తాయి, ఎందుకంటే వాటి పక్కన పాలరాతి పలక మీద ఇచ్చినవాళ్ల పేరు చెక్కించవచ్చు. కట్టడాలకు నేను వ్యతిరేకిని కాను. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన మెదక్ దేవాలయాన్ని చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. అయితే దానిని కట్టినప్పుడు కరువుతో అల్లాడుతున్న కుటుంబాలకు ఆ పనే అన్నం పెట్టింది. ఈనాడు మందిరానికి రెండోసారి రంగులు వేయించి, ఆ మందిరంలో సేవచేసే మనిషి కిరాణా కొట్టులో అరువు పెట్టడం ఆ కాలపు కట్టడంతో పోల్చదగినది కాదు. నిజంగానే స్తోమత లేని చిన్న సంఘాలు పక్కపక్క ఊళ్లవి రెండు మూడు కలిసి ఒక పాస్టరును పోషించవచ్చు. పాత సంఘాల్లో పాస్టరేటు పద్ధతి సరిగ్గా ఇదే. స్వతంత్ర సంఘాలు ఒకే వీధిలో మూడు మందిరాలు పెట్టుకుని మూడు కుటుంబాలను పస్తులుంచడం కంటే ఇది మేలు.

జీతం ఒక్కటే సరిపోదు, పని పంచుకోవాలి కూడా. బైబిలులోని నిర్గమకాండము పద్దెనిమిదో అధ్యాయంలో ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే ప్రజల తగవులు వింటున్న మోషేను చూసి మామ యిత్రో ఆపుతాడు. ఇలా చేస్తే నువ్వూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారు, నమ్మకమైన మనుషులను ఎంచుకుని పంచిపెట్టు అంటాడు. మన సంఘపెద్దలు ఆదివారం కానుకలు లెక్కించడానికీ, ప్రత్యేక కూడికల్లో వేదిక మీద కూర్చోవడానికీ పెద్దలుగా ఉన్నారు. ఆసుపత్రికి తోడు వెళ్లడం, శ్మశానం అర్జీ పట్టుకుని తిరగడం, రక్తదాతలను పోగుచేయడం వాళ్లు తీసుకోగలిగిన పనులు. వాటికి అభిషేకం అవసరం లేదు. అవి వాళ్లు తీసుకుంటే, మరణించినవారి ఇంటికి రెండోసారి, మూడోసారి వెళ్లడానికీ, ప్రశాంతంగా చదువుకోవడానికీ పాస్టరు గారికి సమయం దొరుకుతుంది.

వచ్చే జనవరిలో జరిగే మా సంఘ సర్వసభ్య సమావేశానికి నేను ఈ తీర్మానాన్ని పెద్దల ముందుంచాను. ఖర్చుల పట్టికలో మొదటి పద్దు పాస్టరు గారి జీతం కావాలి, అది ప్రతి నెలా మొదటి వారంలో బ్యాంకు ఖాతాలో పడాలి, కానుకలు తక్కువ వచ్చిన నెలలకోసం పంట నెలల్లో వచ్చినదానిలో కొంత పక్కన పెట్టాలి. సందర్శన ఖర్చులకు వేరే పద్దు ఉండాలి. ఆయనకూ కుటుంబానికీ ఆరోగ్య బీమా ప్రీమియం సంఘమే కట్టాలి, అమ్మగారి పేర నెలనెలా కొంత జమ కావాలి. సోమవారం ఆయనకు సెలవు, ఆ రోజు మరణమో ప్రాణాపాయమో తప్ప మిగతా పనులకు ఫోను ఒక సంఘపెద్దకు వెళ్లాలి, ఆ పెద్ద నంబరు మందిరం నోటీసు బోర్డు మీద రాసి ఉండాలి. మొదటి మూడు నెలల సోమవారాలకు నా నంబరు రాయమని చెప్పాను.